రెండు బోర్లు, ఒక్క పైపు

"మీ ఊళ్లో మురుగు పైపులైనే ఉండదు. మురుగు పంపుల గురించి నువ్వు మాకు చెప్తావా?"

మస్కట్‌లో ఒక డిజైన్ మీటింగులో సీనియర్ ఇంజనీరు ఒకాయన అందరి ముందు నన్నన్న మాట ఇది. నాలుగు పంపింగ్ స్టేషన్లు ఒకే ప్రెషర్ పైపులోకి మురుగునీటిని తోయాలి. ఆయన లెక్క ఒక్క పేజీలో అయిపోయింది. నాలుగింటి నీళ్లు కూడి, ఆ మొత్తానికి పైపు సైజు తీసి, దాని మీదే పంపులు ఎంచారు. ఏ పంపు ఎప్పుడు ఆన్ అవుతుందో తెలియదు కాబట్టి నాలుగు స్టేషన్లకు 15 రకాల కలయికలుంటాయని, అన్నీ చూడాలని నేనన్నాను.

ఆయన మొదటి మాట నిజమే. కల్వకుర్తి దగ్గర మా ఊళ్లో ఇంటి ముందు మోరీ తప్ప భూమిలో పైపు లేదు. కానీ ఒక లైనులోకి రెండు మోటార్లు తోస్తే ఏమవుతుందో మా దగ్గర బోరున్న రైతును అడిగితే చెప్తాడు. మా నాయిన బోరు, చిన్నాయిన బోరు ఒకే పీవీసీ లైనుకు కలిపారు. చిన్నాయిన మోటరు ఒక్కటే నడిస్తే నీళ్లు నిండుగా పోసేది. నాయిన మోటరు కూడా ఆన్ అయితే చిన్నాయిన నీళ్లు లైనులోకి ఎక్కేవే కావు. పైగా నీళ్లు వెనక్కి రాకుండా ఆపే ఎన్ఆర్‌వీ వాల్వు పెట్టకముందు నాయిన బోరు నీళ్లు చిన్నాయిన బోరులోకే దిగిపోయేవి. ఆ యాసంగి అన్నదమ్ములిద్దరికీ మాటల్లేవు.

ఇక్కడా అంతే. పంపు ఎంత నీరు తోస్తుందన్నది దాని బలం ఒక్కటే తేల్చదు, ఆ సమయానికి లైనులో ఎంత ఒత్తిడి ఉందన్నదీ తేలుస్తుంది. పైపులో ప్రవాహం రెట్టింపైతే రాపిడి నష్టం దాదాపు 3.6 రెట్లు అవుతుంది. పెద్ద స్టేషన్లు నడుస్తుంటే చిన్న స్టేషన్ వాల్వు తెరుచుకోదు. పంపు తిరుగుతూనే ఉంటుంది, లోపలి నీరు వేడెక్కుతుంది, సంపు నిండి మ్యాన్‌హోల్ నుంచి రోడ్డు మీదికి పొంగుతుంది. అదే పంపు ఒంటరిగా నడిస్తే ఎదురు ఒత్తిడి తక్కువ. డిజైన్ కన్నా ఎక్కువ నీరు లాగి మోటరు మీద లోడు పెంచుకుంటుంది, నీటిలో ఆవిరి బుడగలు పుట్టి పగిలే కేవిటేషన్‌తో పంపులో తిరిగే చక్రం, అంటే ఇంపెల్లర్, దెబ్బతింటుంది. అలా లాగినా పెద్ద పైపుకు అది చాలకపోవచ్చు. 300 మిల్లీమీటర్ల పైపులో మడ్డి పేరుకోకుండా సెకనుకు 0.6 మీటర్ల వేగం రావాలంటే సెకనుకు 42 లీటర్ల దాకా పారాలి. పారకపోతే మురుగు పైపులోనే కుళ్లి హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. ఈ ఎండల్లో అది ఇంకా తొందరగా పుడుతుంది, కాంక్రీటును తినేస్తుంది.

అన్నిటికన్నా నా టెన్షన్ కరెంటు పోయి వచ్చే క్షణం గురించి. అప్పటికి నాలుగు సంపులూ నిండి ఉంటాయి, నాలుగూ ఒక్కసారే మొదలవుతాయి. 2018 జనవరిలో 24 గంటల కరెంటు రాకముందు మా ఊళ్లో త్రీఫేజ్ రాగానే ఆటో స్టార్టర్లున్న మోటార్లన్నీ ఒక్కపెట్టున లేచేవి. దాన్ని చూస్తూ పెరిగినవాడికి ఈ సంగతి ఎవరూ గుర్తు చేయక్కర్లేదు.

ఆయన పని తెలిసినవాడే, అది కాదనను. ఈ నగరంలో శుద్ధి చేసిన మురుగునీటితో రోడ్డు పక్క చెట్లు పెంచుతున్నారు. మా పాలమూరులో చెట్లెండే ఎండాకాలాలు తలచుకుంటే ఈ పని మీద నాకెంతో గౌరవం. నన్ను తొలిచేది ఆ మాటలోని లెక్క: సౌకర్యం లేని ఊరివాడికి తెలివి కూడా ఉండదని. దేశమంతా డ్యాములకూ కాలువలకూ మట్టి మోసింది పాలమూరు లేబరే. వాళ్ల ఊళ్లకు నీళ్లు రాలేదు కాబట్టి వాళ్లకు నీటి సంగతి తెలియదంటామా?

15 కలయికల పట్టిక తయారైంది. పెద్ద స్టేషన్లు మూడూ నడిచినప్పుడు నాలుగో స్టేషన్ నీరు దాదాపు సున్నాకు పడిపోతోంది. దానికి ఎదురు ఒత్తిడి పెరిగినా నీరు పెద్దగా తగ్గని, ఎక్కువ ఒత్తిడితో తోసే పంపైనా (నిట్టనిలువు కర్వ్, ఎక్కువ హెడ్ ఉన్నది) పెట్టాలి, లేదా కరెంటు వచ్చాక స్టేషన్లు ఒకదాని తర్వాత ఒకటి మొదలయ్యేలా టైమర్లు పెట్టి, తన వంతు వచ్చేదాకా పొంగకుండా ఆ స్టేషన్ సంపు పెద్దది చేయాలి. రెండింటికీ ఖర్చు లెక్క కట్టి పంపాను. ఏది ఎంచుకున్నా సరే, ఆ ఒక్క పేజీ లెక్క మీద మాత్రం పంపులు ఆర్డర్ చేయొద్దని రాశాను.