22 నిమిషాల పైలట్

నిన్న రాత్రి మా పైలట్ (సిరీస్‌కి నమూనాగా తీసే మొదటి ఎపిసోడ్) ఎడిట్ లాక్ చేశాం, అంటే ఇక కత్తిరింపులు, మార్పులు లేవు. 22 నిమిషాలు. నాలుగు రోజుల షూట్, మొత్తం ఏడుగురం, కృష్ణానగర్‌లో అద్దెకు తెచ్చిన కెమెరా, రెండు లైట్లు. లొకేషన్ యూసుఫ్‌గూడలో ఫ్రెండ్ వాళ్ల ఫ్లాట్.

కథ రీల్స్ చేసే ఒక అమ్మాయిది. ఫోన్‌లో లక్షమంది ఉన్నారు, ఇంట్లో అన్నం తిన్నావా అని అడిగే మనిషి లేదు. తీసేటప్పుడు తెలిసింది, ఫోన్ స్క్రీన్ చూపించడం ఎంత కష్టమో. మొహానికి ఎక్స్‌పోజర్ పెడితే స్క్రీన్ తెల్లగా పోతుంది, స్క్రీన్‌కి పెడితే మొహం చీకటి. చివరికి ఫోన్‌లో పచ్చరంగు ఫొటో పెట్టి తీసి, మెసేజ్‌లు ఎడిట్‌లో అతికించాం. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్ మినుకుమనకుండా సెకనుకు 25 ఫ్రేమ్‌లు, షటర్ 1/50 సెకను పెట్టాం. ఇది ముందే గుర్తుచేసిన మా కెమెరా తమ్ముడికి దండం.

సింక్ సౌండ్, అంటే డబ్బింగ్ కాకుండా షూట్‌లోనే మాటలు రికార్డ్ చేయడం, కావాలని పట్టుబట్టింది నేనే. ఫ్యాన్, ఫ్రిజ్ ఆపేసి, మే నెల ఎండలో తలుపులేసుకుని తీశాం. పక్కింటి పిన్నిగారు మా కోసం కుక్కర్ కూడా పెట్టలేదు ఆ పూట.

మూడో రోజు, లైక్‌లు ఆగిపోయిన రాత్రి సీన్. డైలాగ్ లేదు. అమ్మాయి ఫోన్ బోర్లా పెట్టాలి, తిప్పి చూడాలి, మళ్లీ బోర్లా పెట్టాలి. ఆరో టేక్‌లో ఆమె వేలు కొంచెం వణికింది. నాకు కట్ చెప్పడానికి నోరు రాలేదు.

డబ్బు ఇస్తానన్న ఒకాయన మధ్యలో చేతులెత్తేశారు. ఆ సంగతి ఇప్పుడొద్దు.

ఆదివారం సాయంత్రం యూనిట్ అంతా మా ఇంట్లో కూర్చుని చూస్తున్నాం. పిన్నిగారిని కూడా పిలిచాను.