మూసిన తలుపు వెనుక: వినోద పార్కు కదలికల డేటాలో అనుమానితుల వేట

విజువల్ అనలిటిక్స్, అంటే పెద్ద డేటాను బొమ్మలుగా, పటాలుగా మార్చి విశ్లేషించే పని చేసేవారికి వాస్ట్ ఛాలెంజ్ పేరు పరిచయమే. 2006లో మొదలైన ఈ పోటీలో నిర్వాహకులు ఒక కల్పిత సంఘటనను అల్లి, దాని చుట్టూ నిజమైనదాన్ని తలపించే పెద్ద డేటాను తయారుచేసి, అందులో దాగిన సంగతిని బయటికి తీయమని పోటీదారులను అడుగుతారు. 2015లో ఇచ్చిన సమస్య డైనోఫన్ వరల్డ్ అనే వినోద పార్కుకు సంబంధించినది. అలాంటి పార్కు ఎక్కడా లేదు, ఆ సందర్శకులూ లేరు, ఆ నేరమూ జరగలేదు. అయినా, నిజమైన పార్కు ఏదీ తన దగ్గరికి వచ్చినవారు ఎక్కడెక్కడ తిరిగారో చెప్పే వివరాలను బజారున పెట్టదు కనుక, జనం కదలికలను బట్టి అనుమానాస్పద ప్రవర్తనను పసిగట్టగలమా అన్న ప్రశ్నను స్వయంగా పరీక్షించి చూడాలనుకునేవారికి ఇంతకంటే అనువైన డేటా నాకు కనబడలేదు.

కథ క్లుప్తంగా ఇది. స్కాట్ జోన్స్ అనే ఫుట్‌బాల్ క్రీడాకారుడు ఆ ప్రాంతానికి గర్వకారణం. ఆయన గౌరవార్థం 2014 జూన్ 6, 7, 8 తేదీలలో, అంటే శుక్ర, శని, ఆదివారాలలో, పార్కులో వేడుకలు ఏర్పాటు చేశారు. వేదిక మీద ఆయన పాల్గొనే కార్యక్రమం ఒకటైతే, క్రైటన్ పెవిలియన్‌లో ఆయన జ్ఞాపికల ప్రదర్శన మరొకటి. ఆదివారం నాడు ఆ ప్రదర్శనను ఎవరో ధ్వంసం చేసినట్టు బయటపడింది. మూడు రోజులపాటు సందర్శకులు ఎలా కదిలారో, ఒకరికొకరు ఎప్పుడు సందేశాలు పంపుకున్నారో చెప్పే ఫైళ్ళను పోటీదారుల చేతికిచ్చి, ఏం జరిగిందో తేల్చమన్నారు.

కదలికల ఫైలు చూడటానికి చాలా సాదాసీదాగా ఉంటుంది. పార్కు నేలనంతటినీ ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు గల గడులుగా విభజించి, ఒక్కో గడికి ఒక్కో సెన్సర్‌ను అమర్చినట్టు ఊహించారు. సందర్శకుడు ఒక గడి నుంచి మరో గడికి మారిన ప్రతిసారీ ఫైలులో ఒక వరుస చేరుతుంది. అందులో సెకన్లతో సహా సమయం, సందర్శకుడి ఐడీ, అది నడకా లేక చెక్-ఇన్‌నా (అంటే రైడ్‌లోకో ప్రదర్శనలోకో వెళ్ళినట్టు నమోదా) అన్న మాట, ఆ గడి అడ్డు నిలువు సంఖ్యలు, ఇంతే. పేరు లేదు, వయసు లేదు, ఆడా మగా అన్నది లేదు. మూడు రోజులకు కలిపి ఇలాంటి వరుసలు రెండు కోట్లకు పైగా ఉంటాయి. ఎక్సెల్‌లో తెరవాలని చూసేవారికి మొదటి పాఠం అక్కడే దొరుకుతుంది, ఎందుకంటే దానిలో ఒక షీటు పది లక్షల పైచిలుకు వరుసలకు మించి పట్టదు.

ఇంత డేటా ముందు కూర్చున్నప్పుడు అందరికంటే భిన్నంగా ఉన్నవారు ఎవరా అని వెతకాలనిపించడం సహజం. అలా వెతికితే కావలసినంత మంది దొరుకుతారు. సందేశాల ఫైలులో రెండు ఐడీలు మిగతా అందరినీ మించి వేలకు వేల సందేశాలు పంపుతూ, అందుకుంటూ కనబడతాయి. వాటిలో ఒకటి నియమిత వేళల్లో ఐదేసి నిమిషాలకు ఒకసారి పెద్ద సంఖ్యలో జనానికి సందేశాలు పంపుతుంది. అనుమానించదలచుకుంటే ఇంతకంటే కొట్టొచ్చినట్టు కనిపించే వ్యక్తి ఉండడు. తీరా చూస్తే అది పార్కు యాప్‌లో నడిచే క్విజ్ ఆట, రెండోది సందర్శకుల సందేహాలకు జవాబులిచ్చే సహాయ కేంద్రం. అందరికంటే విడ్డూరంగా కనిపించిన ఆ రెండు ఐడీల వెనుక అసలు మనుషులే లేరన్నమాట. ఈ డేటాను చూసిన ప్రతివారూ దీని దగ్గర ఒక నిమిషం ఆగాలని నా ఉద్దేశం, ఎందుకంటే ‘అసాధారణం’ అన్న ముద్రకూ ‘అనుమానాస్పదం’ అన్న ముద్రకూ మధ్య ఎంత దూరముందో ఇక్కడ తెలిసినంత స్పష్టంగా మరోచోట తెలియదు.

అసాధారణమేదో చెప్పాలంటే ముందు సాధారణమేదో తెలియాలి, పనిలో ఎక్కువ భాగం అక్కడే ఉంటుంది. డైనోఫన్ వరల్డ్‌లో పసిపిల్లల రైడ్లు ఒకచోట, గుండె ఝల్లుమనిపించే రైడ్లు ఒకచోట, అందరూ ఎక్కగలిగేవి మరోచోట ఉన్నాయి. ఒక్కో సందర్శకుడు ఏ క్రమంలో ఏ రైడ్లకు చెక్-ఇన్ చేశాడో ఒక వరుసగా రాసుకుని, రెండు వరుసలు ఎంత దగ్గరగా ఉన్నాయో లెక్కగడితే, జనం వాళ్ళంతట వాళ్ళే గుంపులుగా విడిపోతారు. గుండె ఝల్లుమనిపించే రైడ్లున్న కోస్టర్ అలీని వదలని కుర్రకారు ఒక తీరు. కిడ్డీ ల్యాండ్ దాటి పోని కుటుంబాలు మరో తీరు. మూడు రోజులూ వచ్చి స్కాట్ జోన్స్ కార్యక్రమాన్ని విడవకుండా చూసిన అభిమానులది ఇంకో తీరు. రెండు ఐడీలు ఒకేసారి ద్వారం దాటి, అవే రైడ్లు అదే క్రమంలో ఎక్కి, భోజనానికి ఒకేచోట ఆగి, ఒకే వేళకు బయటపడితే, వాళ్ళిద్దరూ కలిసి వచ్చినవారని చెప్పడానికి పేర్లతో పనిలేదు. పోటీ ప్రశ్నలలో కూడా ముందు పార్కుకు వచ్చిన బృందాలను వర్ణించమని, తరువాత మూడు రోజుల మధ్య తేడాలు చెప్పమని, ఆ పైన మాత్రమే పదికి మించకుండా అసాధారణమైన తీరులను నేరంతో సంబంధం ఉండే అవకాశాన్ని బట్టి వరుసలో పెట్టమని అడిగారు. ఆ క్రమం సరైనది. భద్రతా సిబ్బందికి సాఫ్ట్‌వేర్ అమ్మజూపేవారు చాలామంది మొదటి రెండు మెట్లూ దాటేసి నేరుగా మూడోదాని మీద కాలు పెడతారు.

బృందాలు తెలిస్తేనే ఒంటరితనానికి అర్థం వస్తుంది. కిడ్డీ ల్యాండ్‌లో ఒక్క రైడూ ఎక్కకుండా గంటసేపు ఒకే గడిలో ఉండిపోయిన ఐడీని విడిగా చూస్తే భయం పుడుతుంది. అదే ఐడీతోపాటు ద్వారం దాటిన మరో మూడు ఐడీలు ఆ గంటలో చుట్టుపక్కల రైడ్లన్నీ ఎక్కి దిగి మళ్ళీ ఆ గడికే వచ్చాయని తెలిస్తే, అక్కడున్నది మనవల చెప్పులకూ నీళ్ళ సీసాలకూ కాపలా కూర్చున్న తాతయ్యో అమ్మమ్మో అయి ఉండాలని ఇట్టే తోస్తుంది. ఎక్కువసేపు కదలకపోవడం, వచ్చిన దారినే మళ్ళీ మళ్ళీ తిరగడం, అందరూ ఒకవైపు పోతుంటే ఎదురు నడవడం వంటివాటిని అనుమాన లక్షణాలుగా ముందే రాసిపెట్టుకునే పద్ధతి నాకు నచ్చకపోవడానికి కారణం ఇదే. తప్పిపోయిన పిల్లవాడిని వెతుక్కునే తల్లి ఆ మూడు పనులూ చేస్తుంది.

ఇక పెవిలియన్ సంగతి. ఈ డేటాలో నన్ను అన్నిటికంటే ఆలోచింపజేసిన వివరం ఏమిటంటే, సందర్శకుడు ఒక రైడ్‌కో ప్రదర్శనకో చెక్-ఇన్ చేసిన తరువాత, తిరిగి బయటికి వచ్చి అడుగు వేసేదాకా అతడి పేర ఒక్క వరుస కూడా చేరదు. ఆ ఖాళీ ఎంతసేపు ఉందో చూసి, లోపల ఎంతసేపు గడిపాడో మనం లెక్కగట్టుకోవాలి తప్ప, లోపల ఏ మూల నిలుచున్నాడో, దేన్ని తాకాడో ఫైలు చెప్పదు. విధ్వంసం జరిగింది పెవిలియన్ లోపల. అంటే బయట ప్రతి ఐదు మీటర్లనూ నమోదు చేసిన ఆ వ్యవస్థ సరిగ్గా నేరం జరిగిన చోట నోరు విప్పదు.

అయినా చుట్టుపక్కల నుంచి చాలా రాబట్టవచ్చు. వేదిక మీద స్కాట్ జోన్స్ కార్యక్రమం నడిచే వేళల్లో పెవిలియన్‌ను మూసివేసేవారని చెక్-ఇన్‌లు ఆగిపోవడాన్ని బట్టి తెలుస్తుంది. శుక్ర, శనివారాల్లో తలుపు తెరవగానే జనం మళ్ళీ యథావిధిగా లోపలికి వెళ్ళారు. ఆదివారం మాత్రం ఉదయపు కార్యక్రమం ముగిసి తలుపు తెరిచిన కొద్దిసేపటికే రాకపోకలు తెగిపోయాయి, మధ్యాహ్నం తరువాత అక్కడ చెక్-ఇన్‌లే లేవు. ఇంచుమించు అదే సమయంలో, పెవిలియన్ ఉన్న వెట్ ల్యాండ్ ప్రాంతం నుంచి సందేశాలు ఒక్కసారిగా ఎగబాకాయి, వాటిలో పార్కు బయటివారికి పంపినవీ పెరిగాయి. ఏదో చూసి జనం ఉలిక్కిపడ్డారని, చూసినదాన్ని బయటికి చెప్పారని ఊహించడానికి సందేశాలలోని మాటలు చదవనక్కరలేదు. ఆ ఫైలులో మాటలు లేనే లేవు, ఎవరు ఎవరికి ఎప్పుడు ఎక్కడినుంచి పంపారన్నదే ఉంది.

విధ్వంసం ఎప్పుడు బయటపడిందో దీంతో నిమిషాల తేడాతో తేలిపోతుంది, ఎప్పుడు జరిగి ఉండాలో కూడా ఒక చిన్న వ్యవధికి కుదించవచ్చు. అప్పుడు అడగవలసిన ప్రశ్న కూడా కుదురుతుంది: తలుపు మూసే ముందు చెక్-ఇన్ చేసి, మూసిన తరువాత కూడా బయటికి వచ్చినట్టు కనబడనివారు ఎవరు? పార్కు మొత్తంలో విచిత్రంగా ఉన్నవారు ఎవరు అన్న ప్రశ్నకూ దీనికీ పోలిక లేదు. ఆ ప్రశ్నకు జవాబుగా వచ్చే జాబితాకు అంతు ఉండదు. దీనికి వచ్చే జాబితాను ఒక పోలీసు అధికారి ఒక పూటలో విచారించగలడు. నా అభిప్రాయంలో కదలికల డేటా ‘ఎప్పుడు’, ‘ఎక్కడ’ అన్నవాటికి గట్టి సాక్ష్యం, ‘ఎవరు’ అన్నదానికి బలహీనమైన ఆధారం. ‘ఎందుకు’ అన్నదానికి అసలు పనికిరాదు. (ఆ తలుపు దగ్గర ఒక కెమెరా, తాళంచెవి ఎవరు తీసుకున్నారో రాసే ఒక రిజిస్టరు ఉండి ఉంటే రెండు కోట్ల వరుసలతో పని పడేది కాదన్న మాట కూడా చెప్పుకోవాలి. పోటీ నిర్వాహకులు అది వదిలేసినందుకు మనం కృతజ్ఞులమై ఉండాలి.)

లెక్క కూడా ఇదే మాట చెబుతుంది. పదివేల మంది సందర్శకులలో తప్పు చేసినవారు ఐదుగురు ఉన్నారనుకుందాం. మన పద్ధతి ఆ ఐదుగురినీ తప్పకుండా పట్టుకుంటుందని, మిగతావారిలో నూటికి ఒక్కరినే పొరపాటున అనుమానిస్తుందని కూడా అనుకుందాం. అంత మంచి పద్ధతి నేనెక్కడా చూడలేదు, అయినా ఒప్పుకుందాం. అప్పుడు జాబితాలో సుమారు 105 పేర్లు వస్తాయి, అందులో వంద మంది అమాయకులు. జాబితాలో ఉన్న ప్రతి ఇరవై ఒక్కరిలో ఒక్కరే దోషి. టికెట్టు కొనుక్కుని పిల్లలతో వచ్చినవారిని వందమందిని పక్కకు పిలిచి ప్రశ్నించే పార్కుకు మరుసటి వారం ఎవరు వెళతారు? ఐదుగురు దోషులున్న రోజుకు బదులు ఒక్క దోషీ లేని మామూలు రోజును తీసుకుంటే, ఆ వందమందీ అమాయకులే.

ఇదంతా కల్పిత పార్కు గురించే అనుకోవడానికి వీల్లేదు. ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్ 2013లో మ్యాజిక్‌బ్యాండ్ అనే చేతి పట్టీని తీసుకొచ్చింది. అందులోని ఆర్‌ఎఫ్‌ఐడీ (రేడియో తరంగాలతో గుర్తించే) చిప్పును ద్వారం దగ్గర తాకిస్తే ప్రవేశం, హోటల్ గది దగ్గర తాకిస్తే తాళం, దుకాణంలో తాకిస్తే చెల్లింపు. పైగా దూరం నుంచి కూడా దాన్ని గుర్తించే రీడర్లు పార్కులో ఉన్నాయి. క్యూలు తగ్గించడానికి, ఫొటోలను సరైన కుటుంబానికి చేర్చడానికి అది ఉపయోగపడింది, సందర్శకులూ ఇష్టంగానే ధరించారు. ఒకసారి అలాంటి వ్యవస్థ నెలకొన్నాక, క్యూ కోసం సేకరించిన డేటాను భద్రత కోసం వాడుకుందామన్న ఆలోచన రావడానికి ఎంతో కాలం పట్టదు. పేర్లు తీసేసి ఐడీలే ఉంచుతాం కదా అన్న సమాధానం కూడా నిలవదు. 2013లోనే పదిహేను లక్షల మంది మొబైల్ వినియోగదారుల కదలికలను పరిశీలించిన పరిశోధకులు, ఒక మనిషి ఎక్కడ ఏ వేళకు ఉన్నాడో నాలుగు సందర్భాలు తెలిస్తే చాలు, వారిలో 95 శాతం మందిని విడిగా గుర్తించవచ్చని చూపించారు. ఐదు మీటర్ల గడులతో, సెకన్ల లెక్కతో రాసే పార్కు ఫైలు దానికంటే ఎన్నోరెట్లు సూక్ష్మమైనది. రోలర్ కోస్టర్ దగ్గర దిగిన ఒక సెల్ఫీ, దాని కింద సమయం, భోజనం దగ్గర దిగిన మరో ఫొటో దొరికితే, ఐడీ వెనుక మనిషి ఎవరో కనుక్కోవడం పెద్ద పని కాదు.

అందుకని నా దృష్టిలో హద్దు ఇలా ఉండాలి. ఏ గడిలో ఎంతమంది ఉన్నారన్న మొత్తం సంఖ్యలు తొక్కిసలాటను ముందుగా పసిగట్టడానికి చాలు. వాటిని ఎప్పటికప్పుడు చూడవచ్చు. ఒక్కో మనిషి నడిచిన దారిని మాత్రం ఫిర్యాదు వచ్చిన తరువాత, చోటూ వేళా ముందు తేల్చుకున్నాకే తెరవాలి, ఎవరు తెరిచారో కూడా నమోదు కావాలి. ఏ ఫిర్యాదూ రాకపోతే కొద్ది రోజులకు చెరిపేయాలి.

మన దేశంలో దీనికి ఇంకొక చిక్కు ఉంది. 2023 నాటి డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం పద్దెనిమిదేళ్ళు నిండనివారిని పిల్లలుగా లెక్కగడుతుంది. ప్రభుత్వం ప్రత్యేకంగా ఇచ్చే మినహాయింపులు తప్ప, పిల్లల కదలికలను వెంబడించడాన్నీ వారి ప్రవర్తన మీద నిఘా పెట్టడాన్నీ తొమ్మిదో సెక్షన్ నిషేధిస్తుంది. వేసవి సెలవుల్లో వండర్‌లాకో రామోజీ ఫిల్మ్ సిటీకో బయలుదేరే కుటుంబాలలో పిల్లలదే పెత్తనమని హైదరాబాద్ వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. అలాంటి చోట డైనోఫన్ వరల్డ్ తరహా వ్యవస్థ పెట్టాలంటే, ఏ ఐడీ పిల్లలదో ముందు తెలియాలి. ఆ ఫైలులో వయసు లేదు. ఎవరు పిల్లలో ఊహించడానికి అందులో ఉన్న ఒకే ఆధారం ఏ ఐడీ కిడ్డీ ల్యాండ్ రైడ్లు ఎక్కిందన్నదే. దాన్ని తెలుసుకోవాలంటే చట్టం వద్దన్న ఆ నిఘానే ముందు పెట్టాలి.