మైలుతుత్తం, సున్నం, ఒక కొడవలి

నాలుగున్నరకే మెలకువ వచ్చింది. ఎనభై దాటాక నిద్ర ల్యాబులో చుక్కలు వదిలే పాత గాజు గొట్టం, అదే బ్యూరెట్ లాంటిది, ఎంత బిగించినా చుక్క చుక్కగా కారిపోతుంది. కాఫీ పెట్టుకుని, గ్లాసు చేత్తో పట్టుకునే తోటలోకి నడిచాను. మొన్నటి వానకు వచ్చిన నిమ్మ చిగుళ్ల మీద గజ్జి తెగులు మచ్చలు మళ్లీ కనిపించాయి. మాది పొదలకూరు వైపు పల్లె. ఇక్కడ తెల్లారితే పలకరింపు కంటే ముందు నిమ్మకాయ ధరే అడుగుతారు. ఇప్పుడు కొత్తగా నాటేవాళ్లు బాలాజీ రకం వేస్తున్నారు, దానికి గజ్జిని కాస్త తట్టుకునే గుణం ఉంది. నా చెట్లకు అంత ఓపిక లేదు. నాలాగే పాత రకం.

గజ్జికి మందుగా బోర్డో మిశ్రమం కొట్టాలని ముందే అనుకున్నాను కాబట్టి కిలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) గుడ్డలో మూటగట్టి, యాభై లీటర్ల నీళ్లున్న ప్లాస్టిక్ డ్రమ్ములో పైపైన మునిగేలా రాత్రే వేలాడదీశాను. అడుగున పడేస్తే గడ్డలాగే ఉండిపోతుంది. పైన వేలాడితే కరిగిన బరువైన నీలం కిందికి దిగుతూ, కొత్త నీటికి చోటిస్తుంది. ఇనుప పాత్ర మాత్రం పనికిరాదు, రాగి దానికే పట్టేస్తుంది.

పక్కింటి మనవడు డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాడు. సెలవు కదా అని సాయం వచ్చాడు. కిలో సున్నపురాళ్ల మీద నీళ్లు చల్లగానే బుసబుసమని పొగలు లేస్తే రెండడుగులు వెనక్కి గెంతాడు. అది చల్లారాక వడకట్టి, మరో యాభై లీటర్లకు నింపాం. రెండింటినీ ఒకేసారి మూడో డ్రమ్ములోకి వంచుతుంటే ఆకాశం రంగు చిక్కటి ద్రావణం తయారైంది. ఈ రంగు ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాదు.

దీని పుట్టుక వాడికి చెప్పాను. ఫ్రాన్సులో బోర్డో దగ్గర రోడ్డు పక్క ద్రాక్షతోటల వాళ్లు, దారిన పోయేవాళ్లు పళ్లు కోయకుండా తీగల మీద మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవారట. 1882లో ఆ తీగలకే బూజు తెగులు సోకలేదని మిలార్డే అనే వృక్షశాస్త్రవేత్త గమనించాడు. 1885లో దాన్ని మందుగా లోకానికి చెప్పాడు. "అయితే తాతయ్యా, మన రోడ్డు వరసకు రెండుసార్లు కొడదాం" అన్నాడు వాడు. దొంగల లెక్కలో మనవాడు మిలార్డేను మించిపోయాడు.

మిశ్రమం సరిగ్గా కుదిరిందో లేదో చూడడానికి అందులో కొడవలి ముంచే లోపు ఎదురింటి కోడలు పురుగుమందు సీసాతో వచ్చింది. "మామయ్యా, ట్యాంకుకు ఎన్ని మూతలు?" ముప్పై ఏళ్లుగా ఈ ఊళ్లో నేను పోరాడుతున్నది ఈ మూతతోనే. ఒక్కో సీసా మూత ఒక్కో సైజు. లీటరుకు రెండు మిల్లీలీటర్లంటే పదహారు లీటర్ల ట్యాంకుకు ముప్పై రెండు. లోపలి నుంచి కొలత గొట్టం తెచ్చి పోయబోయాను. గీతలు కళ్లకు ఆనలేదు. వెలుతురుకు ఎత్తి పట్టుకున్నా అంతే. మనవడికిచ్చాను. "ముప్పై మూడు" అన్నాడు. అంచుల్లో పైకి ఎగబాకిన చోట చూస్తున్నాడని అర్థమైంది. వంపు అడుగున చూడరా, కంటికి సమానంగా పెట్టి చూడు అన్నాను. మోకాళ్ల మీద కూర్చుని చూశాడు. "ముప్పై రెండు, తాతయ్యా. సరిగ్గా."

1968లో హైదరాబాద్ బాలానగర్‌లో ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ పరీక్షశాలలో నాకూ ఒక పెద్దాయన ఇలాగే మెడ వంచి చూపించాడు. సల్ఫా మందుల పరీక్ష. బీకరు మంచు ముక్కల్లో ఉండాలి, సోడియం నైట్రైట్ చుక్క చుక్కగా పడాలి, గాజు కడ్డీతో ఒక చుక్క తీసి స్టార్చ్ అయొడైడ్‌కు తాకిస్తే చటుక్కున నీలం మెరవాలి. ఆ మెరుపు కోసం ఇరవై ఆరేళ్లు కళ్లు అరగదీశాను. తర్వాత స్వచ్ఛంద విరమణ తీసుకుని ఊరు చేరాను. మొదటి ఏడు యూరియా గ్రాముల్లో తూచి వేస్తుంటే గట్టు మీద నిలబడి నవ్వినవాళ్లే, నాకు ల్యాబు తాత అని పేరు పెట్టారు.

అన్నిసార్లూ నవ్వలేదు. ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంకర్లు పోయే జబ్బును మన దేశంలో తొలిసారి 1937లో గుర్తించింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. అది చదివాక ఊరి బావులన్నిటి నీళ్లూ సీసాల్లో పట్టి పరీక్షించాను. జిర్కోనియం అలిజరిన్ అనే ఎర్రటి ద్రావణం కలిపితే ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ ఎరుపు తగ్గి పసుపు తిరుగుతుంది. ఒక పెద్దింటి బావి నీళ్లు నిమ్మతొక్క రంగుకు వచ్చాయి. ఫ్లోరైడ్ హద్దు లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములైతే దానికి చాలా మించి ఉందని రచ్చబండ దగ్గర చెప్పేశాను. ఆ ఇంటివాళ్లు రెండేళ్లు నాతో మాట్లాడలేదు. చెప్పింది తప్పు కాదు, చెప్పిన చోటు తప్పు. ముందు వాళ్ల వాకిట్లో కూర్చుని చెప్పాల్సిందని మా ఆవిడ అంది. అప్పుడు ఆమెతో వాదించాను కూడా.

ఆవిడ దేన్నీ కొలిచేది కాదు. నిమ్మకాయ పచ్చడికి ఉప్పు పిడికిలితోనే. ఒక వేసవిలో ఆమెకు తెలియకుండా పది పిడికిళ్లు తూచాను. తేడా రెండు గ్రాములు దాటలేదు. సంగతి తెలిసి, "అయితే మీ తక్కెడ బాగానే పనిచేస్తోందన్నమాట" అంది.

ఎదురింటి కోడలు వెళ్లాక కొడవలిని ఇటుక ముక్కతో తోమించి ద్రావణంలో ముంచాం. నిమిషం తర్వాత తీస్తే అంచు మీద సన్నగా ఎరుపు. అది మాత్రం నాకూ కనిపించింది. రాగి మిగిలింది, సున్నం చాలలేదు, ఇలాగే కొడితే ఆకు మాడుతుంది. తక్కెడ తెద్దామని నేను లోపలికి వెళ్లి, అది ఏ అరలో పెట్టానో వెతికి, బయటికి వచ్చేసరికి మనవడు సున్నం వేసేసి కర్రతో కలుపుతున్నాడు. కొడవలి మళ్లీ ముంచి తీశాడు. తెల్లగా ఉంది.

ఎంత వేశావురా అన్నాను.

"పిడికెడు, తాతయ్యా."

సాయంత్రం మందు పుస్తకంలో రాసుకున్నాను: మైలుతుత్తం ఒక కిలో, నీళ్లు వంద లీటర్లు, సున్నం ఒక కిలో, ఒక పిడికెడు (వాడిది).