పడవ నిండిపోయిందన్న దేశం

"ద బోట్ ఈజ్ ఫుల్" అని 1981లో వచ్చిన స్విస్ సినిమా మొన్న ఆదివారం అమ్మా నేనూ చూశాం. మార్కస్ ఇమ్‌హూఫ్ తీశాడు, బెర్లిన్ సినిమా పండగలో సిల్వర్ బేర్ బహుమతి వచ్చింది, ఆస్కార్‌కి నామినేట్ కూడా అయ్యింది. మాటలు జర్మన్‌లో, సబ్‌టైటిల్స్ ఇంగ్లీషులో, అమ్మకి పక్కన కూర్చుని తెలుగులో చెప్తూ వచ్చా కానీ సగం దాటాక చెప్పాల్సిన పనే లేకపోయింది, మొహాలు చూస్తేనే అంతా తెలిసిపోతోంది.

రెండో ప్రపంచ యుద్ధం టైం. జర్మనీ నుంచి వచ్చిన రైలు స్విట్జర్లాండ్‌లో ఓ మూల కాసేపు ఆగుతుంది, అందులోంచి ఆరుగురు దూకేస్తారు. నలుగురు యూదులు, ఒక ఫ్రెంచి పిల్లాడు, సైన్యం వదిలేసి పారిపోయొచ్చిన ఒక జర్మన్ సిపాయి. పల్లెటూళ్ళో భార్యాభర్తలు నడుపుకునే చిన్న హోటల్‌కి చేరతారు. స్విట్జర్లాండ్ యుద్ధంలో లేదు, తటస్థ దేశం, అక్కడ అడుగు పెట్టామంటే బతికిపోయినట్టే అనుకుంటారు. కానీ అక్కడ రూలు వేరేలా ఉంది, చిన్న పిల్లలున్న కుటుంబమైతే ఉండనిస్తారు, లేకపోతే వెనక్కే.

దాంతో ఆ ఆరుగురూ రాత్రికి రాత్రి ఒక కుటుంబం అయిపోవాలి. జూడిత్ అనే అమ్మాయికి ఆ సిపాయి మొగుడు, వియన్నా నుంచొచ్చిన ముసలాయన తండ్రి, ఆయన మనవరాలూ ఆ ఫ్రెంచి పిల్లాడూ వీళ్ళ పిల్లలు, జూడిత్ సొంత తమ్ముడేమో సిపాయిగా నటించాలి. పిల్లాడికి జర్మన్ రాదు, నోరు తెరిస్తే ఫ్రెంచే, అందుకని ఏమీ మాట్లాడకు నాన్నా అని బతిమాలుకుంటారు. నాకు సినిమా మొత్తంలో వాడి మీదే కళ్ళు. ఆ వయసు పిల్లాడు ఆకలేస్తే అడుగుతాడు, భయమేస్తే ఏడుస్తాడు, ఇక్కడ ఒక్క మాట జారితే ఆరుగురి ప్రాణాలూ పోతాయి, వాడికి ఆ సంగతి తెలుసు కూడా. అమ్మ ఊరుకోలేకపోయింది, "ఏటే ఇది, పిల్లల్లేనోళ్ళు మనుషులు కారేటి?" అని నన్నే అడిగింది, నేనే రూలు రాసినట్టు. నా దగ్గర మాత్రం ఏం జవాబుంది.

ముసలాయనగా వేసిన కుర్ట్ బోయిస్ గురించి ఒక మాట చెప్పాలి. ఆయన నిజంగానే యూదుడు, హిట్లర్ వచ్చాక జర్మనీ వదిలి అమెరికా పోయాడు, "కాసాబ్లాంకా"లో జేబులు కొట్టేవాడి చిన్న వేషం ఆయనదే, యుద్ధం అయిపోయాక మళ్ళీ బెర్లిన్‌కి వచ్చేశాడు. అంటే ఆ భయం ఆయన సెట్‌లో నేర్చుకున్నది కాదు, ఇది తెలిశాక ఆయన సీన్లు ఇంకోసారి వేసుకుని చూశా.

హోటలావిడ మనసు ముందే కరుగుతుంది, ఆవిడ మొగుడికి కాస్త టైం పడుతుంది. ఊరి పోలీసు రూలు ఎలా ఉంటే అలా పని చేసుకుపోతాడు, ఒక్కో ప్రశ్నా అడుగుతూ కూపీ లాగుతాడు, అల్లిన కుటుంబం ఒక్కో ముడీ విడిపోతుంది. ఇందులో గాస్ ఛాంబర్ లేదు, నాజీ ఆఫీసర్ అరుపులు లేవు. వీళ్ళని చావు వైపు నెట్టేది పైనుంచి వచ్చిన ఒక సర్క్యులర్, దాన్ని శ్రద్ధగా అమలు చేసే మామూలు మనుషులు. నాకు ఈ సినిమా అంతగా పట్టుకోడానికి కారణం అదే.

ఆ సర్క్యులర్ కల్పన కాదు. 1942 ఆగస్టు 13న స్విస్ పోలీసు విభాగం సరిహద్దు మూసేసింది, దాని పెద్ద హైన్రిక్ రోట్‌మండ్. జాతి కారణంగా మాత్రమే పారిపోయి వచ్చినవాళ్ళు, ఉదాహరణకి యూదులు, రాజకీయ శరణార్థుల కిందకి రారు అని పెట్టుకున్నారు. అదే నెల 30న మంత్రి ఎడ్వార్డ్ ఫాన్ స్టైగర్ ఒక ఉపన్యాసంలో దేశాన్ని జనంతో నిండిపోయిన లైఫ్‌బోటుతో పోల్చాడు, సినిమా పేరు అక్కణ్ణుంచి వచ్చిందే. అంతకు ముందే 1938లో యూదుల జర్మన్ పాస్‌పోర్టుల మీద జె అక్షరం స్టాంపు పడటం మొదలైంది, అది జర్మనీ స్విట్జర్లాండ్ మాట్లాడుకుని చేసుకున్న ఏర్పాటు. యుద్ధ కాలంలో 21 వేల మంది దాకా యూదుల్ని లోపలికి రానిచ్చారు, ఇదీ చెప్పాలి, కానీ సరిహద్దులో వెనక్కి పంపేసినవి 20 వేలకి పైగా నమోదయ్యాయని తర్వాత ఆ దేశమే వేసుకున్న బెర్జియే కమిషన్ లెక్క తేల్చింది, వాళ్ళందరూ యూదులే కాకపోవచ్చు. 1944 జూలైలో రూలు మార్చారు, ప్రాణభయం ఉన్నవాళ్ళెవరైనా రావచ్చని. రెండేళ్ళ ముందు అదే ముక్క రాసుంటే?

మాది ఒడిశాలో పర్లాకిమిడి. మాకు బోర్డర్ అంటే భయమేం ఉండదు, పక్కనే పాతపట్నం, ఆంధ్రా, చుట్టాలు అటూ ఇటూ, పెళ్ళిచూపులు అక్కడ, బట్టలు ఇక్కడ. 2020 లాక్‌డౌన్‌లో రోడ్డుకి అడ్డం పడితే మాత్రం మొదటిసారి అర్థమైంది, కాగితం లేకపోతే తెలిసినవాడు కూడా ఆపేస్తాడని. దాన్ని దీంతో పోల్చను, మాకు పోయింది కొన్ని వారాలే.

పోల్చదగింది మా ఇంట్లోనే ఇంకోటుంది. 1942 అనగానే అమ్మ "మా తాత నడిచొచ్చిన యేడే కదే" అంది. అమ్మమ్మ వాళ్ళ నాన్న రంగంలో, అంటే బర్మాలోని రంగూన్‌లో, బియ్యం మిల్లులో కూలికి వెళ్ళాడు, మా వైపు, గంజాం, సిక్కోలు నుంచి ఎంత మంది వెళ్ళారో, గోపాలపూర్‌లో ఓడ ఎక్కేవారు. జపాన్ బాంబులు పడ్డాక ఓడలు డబ్బున్నోళ్ళకే దొరికాయి, మిగతావాళ్ళు కొండలూ అడవులూ పట్టి నడిచారు. దాదాపు 5 లక్షల మంది భారతీయులు బర్మా వదిలి వచ్చేశారంటారు, దారిలో కలరాకీ మలేరియాకీ ఆకలికీ వేల మంది పోయారు. ఆయనతో బయల్దేరినవాళ్ళలో అందరూ చేరలేదు. ఇంటికొచ్చాక నెలల తరబడి పాదాలకి ఆముదం రాసి గుడ్డలు చుట్టేవారట, రంగం ఊసెత్తితే లేచి బయటికి వెళ్ళిపోయేవాడట. నడిచి నడిచి చివరికి ఆయన చేరింది ఆయన్ని రావద్దనని నేల. జూడిత్‌కి అది లేదు, ఆవిడ వెనక ఉన్నది ఆవిణ్ణి చంపే దేశం, ముందున్నది వద్దనే దేశం.

మా గజపతి జిల్లాలోనే చంద్రగిరి ఉంది, 1963 నుంచి టిబెట్ వాళ్ళ సెటిల్‌మెంట్. మొక్కజొన్న పండిస్తారు, చలికాలం వస్తే పట్టణాల్లో స్వెట్టర్లు అమ్ముతారు, రంగు రంగులవి దొంతర్లుగా పేర్చి, బేరమాడితే నవ్వుతూ ఒడియాలో రేటు చెప్తారు. మన దేశం 1951 శరణార్థుల ఒప్పందం మీద ఇప్పటికీ సంతకం పెట్టలేదు, అయినా అప్పట్లో ఎవరో ఒక ఫైలు మీద వీళ్ళకి భూమి ఇవ్వొచ్చని రాశారు, అందుకే వాళ్ళ మనవలు ఇవాళ ఇక్కడ స్కూలుకెళ్తున్నారు. ఫైలు మీద రాసే ఆ ఒక్క వాక్యానికి ఎంత బలం ఉంటుందో ఈ సినిమా చూశాక చంద్రగిరిని తల్చుకుంటే ఇంకా బాగా తెలుస్తోంది.

స్విస్‌లోనూ అలా రాసినాయన ఒకడున్నాడు, పాల్ గ్రూనింగర్, సెయింట్ గాలెన్‌లో పోలీస్ కెప్టెన్. 1938లో ఆస్ట్రియా నుంచి పారిపోయొచ్చే యూదులకి తలుపులు మూసేస్తే, కాగితాల మీద రాక తేదీని వెనక్కి జరిపి వందల మందిని నిలబెట్టాడు. 1939లో ఉద్యోగం పోయింది, కోర్టు జరిమానా వేసింది, పెన్షన్ పోయింది, 1972లో పేదరికంలోనే చచ్చిపోయాడు. కోర్టు ఆ తీర్పు కొట్టేసింది 1995లో. అమ్మకి ఆయన సంగతి చెప్తే ఆయన మీద సినిమా ఉంటే పెట్టమంది, 2014లో వచ్చింది ఒకటుంది, వచ్చే ఆదివారం అదే.

ఈలోగా మీ ఇళ్ళల్లో రంగం నుంచి నడిచొచ్చినవాళ్ళ కథలుంటే పెద్దవాళ్ళని అడిగి రాసి పెట్టండి, ఏ దారిన వచ్చారు, ఎవరు అన్నం పెట్టారు, ఎవరు ఆపారు. మా ముత్తాతవి నాకు ఆ పాదాల సంగతి దగ్గరే ఆగిపోయాయి, బరంపురంలో పెద్దమావయ్యకి ఇంకొంచెం తెలుసంటున్నారు, దసరాకి వెళ్ళినప్పుడు అడుగుతా.