ఇద్దరిదీ ఒకే నంబరు, కాళ్లే వేరు: ఐస్ హాకీ స్కేట్లతో నా అనుభవం

స్కేట్లు కొనడం కూడా బూట్లు కొన్నట్టే అనుకున్నాను. నంబరు చెబితే డబ్బా తీసిస్తారు, కాలికి తొడుక్కుని నాలుగడుగులు వేస్తాం, బొటనవేలి దగ్గర నొక్కి చూసుకుంటాం, అంతే కదా. ఆ లెక్కతో రెండు జతలు దండగ చేశాక, మూడో జత దగ్గర గానీ నా కాలు ఎలాంటిదో నాకే తెలియలేదు. ముప్పై ఏళ్లు దాటాక ఐస్ హాకీ మొదలుపెట్టినవాణ్ణి, తమ్ముడు కూడా నాతోపాటే మొదలుపెట్టాడు. ఇద్దరం బూట్లలో అమెరికా కొలత ప్రకారం 9 నంబరే వేసుకుంటాం (బ్రిటన్ కొలతలో అయితే 8). చిన్నప్పటి నుంచి ఒకరి చెప్పులు ఒకరం వేసుకుని తిరిగినవాళ్లం కాబట్టి ఇద్దరి కాళ్లూ ఒకటే అని గట్టి నమ్మకం.

మొదటి జత 9 నంబరే తీసుకున్నాను. మామూలు బూటు నంబరు కంటే హాకీ స్కేటు దాదాపు ఒకటి నుంచి ఒకటిన్నర తక్కువ తీసుకోవాలని అప్పటికి నాకు ఎవరూ చెప్పలేదు. వదులుగా అనిపిస్తే మందపాటి ఊలు సాక్సులు వేసుకున్నాను, అదీ చాలకపోతే ఒకదాని మీద ఒకటి రెండేసి. ఐస్ మీద అడుగేసిన ప్రతిసారీ లోపల మడమ లేస్తోంది, పడుతోంది. చీలమండలు లోపలికి వాలిపోతున్నాయి. నా చీలమండల్లో బలం లేదని నాకు నేనే తేల్చేసుకుని, రెండు నెలలు ఒంటికాలి మీద నిలబడే వ్యాయామాలు కూడా చేశాను. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ అప్పుడు మాత్రం నిజంగానే టెన్షన్ పడ్డాను, ఈ ఆట నా వల్ల కాదేమో అని. అసలు సంగతి ఏమిటంటే హాకీ స్కేటు అడుగున ఉండే బ్లేడు మందం సుమారు 3 మిల్లీమీటర్లే, మనిషి బరువంతా దాని మీదే. పైన కాలు బూటులో వేలెడు అటూ ఇటూ కదులుతుంటే కింద బ్లేడు మన మాట ఎందుకు వింటుంది? మనం తిరగాలనుకున్న కాసేపటికి అది తిరుగుతుంది, ఈలోపు కింద పడి ఉంటాం.

తమ్ముడు మాత్రం వెళ్లి కొలతలు తీయించుకుని 7.5 తెచ్చుకున్నాడు, ముందూ వెనకా సన్నగా ఉండే మోడల్. మూడోసారి ఐస్ మీదకి వెళ్లేసరికి వెనక్కి కూడా జారుతున్నాడు. "అన్నయ్యా, నువ్వు కూడా ఇదే తీసుకో, మనిద్దరిదీ ఒకటే నంబరు కదా" అన్నాడు. తీసుకున్నాను. రంగు కూడా అదే.

ఆ రెండో జత మొదటి పావుగంట హాయిగా ఉండేది, మడమ కదల్లేదు. ఆ తర్వాత మీగాలు మీద, అంటే సరిగ్గా లేసులు కట్టే చోట, ఎవరో తాడుతో బిగించి లాగుతున్నట్టు నొప్పి మొదలయ్యేది. అరగంటకి కాలి వేళ్లు తిమ్మిరెక్కేవి. బెంచీ మీదకి వచ్చి లేసులు విప్పితే ప్రాణం లేచొచ్చేది, మళ్లీ కట్టుకుంటే మళ్లీ అదే. ఇంటికొచ్చి సాక్సు తీస్తే మీగాలు మీద అడ్డంగా నాలుగు ఎర్రటి గీతలు, చీలమండకి కాస్త పైన ముట్టుకుంటేనే చురుక్కుమనే చోటు ఒకటి. ఆటగాళ్లు దీన్ని లేస్ బైట్ అంటారు, పాదాన్ని పైకి లేపే స్నాయువుల మీద టంగూ (లేసుల కింద నాలుకలా ఉండే పట్టీ) లేసులూ ఒత్తుకుపోయి వచ్చే వాపు. కొత్త స్కేట్లు కదా, నాలుగుసార్లు వేసుకుంటే వాటంతటవే సర్దుకుంటాయి అన్నారు అందరూ. పది సార్లు వేసుకున్నాను. స్కేట్లు సర్దుకోలేదు, నేనే కుంటడం మొదలుపెట్టాను.

నొప్పి ఉన్న చోట ఒక రంధ్రం వదిలేసి లేసు కట్టి చూశాను, కొంచెం నయం అనిపించింది. టంగు కింద జెల్ ప్యాడ్ పెట్టాను, ఇంకా బిగుతైంది. ఈలోపు తమ్ముడు తన స్కేట్లలో అరికాలి కింద పరిచే గట్టి ఇన్‌సోల్ వేసుకున్నాక చీలమండలు లోపలికి వాలడం తగ్గిందని చెబితే నేనూ అలాంటిదే తెచ్చి వేసుకున్నాను. ఆ రోజు ఐదు నిమిషాలు కూడా ఆడలేకపోయాను. వాడికి మందైనది నాకు విషం ఎందుకైందో అర్థం కాక, చివరికి స్కేట్లు అమర్చడంలో చాలా అనుభవం ఉన్న ఒక పెద్దాయన దగ్గరికి ఇద్దరం వెళ్లాం.

ఆయన ముందు నంబరు అడగలేదు. తడి కాళ్లతో పొడి నేల మీద నిలబడమన్నాడు. తమ్ముడిది అరికాలు మొత్తం అచ్చు పడింది, ఎక్కడా వంపు లేదు. నాది మడమ ఒక ముద్ర, వేళ్ల దగ్గర ఒక ముద్ర, రెంటినీ కలుపుతూ బయటి అంచున సన్నటి చార. తర్వాత బ్రానాక్ అనే లోహపు కొలత పలక మీద నిలబెట్టి పొడవు, వెడల్పు, మడమ నుంచి బొటనవేలి కీలు దాకా ఎంతో చూశాడు. కూర్చుని కాకుండా నిలబడే కొలవాలట, బరువు పడినప్పుడు అరికాలి వంపు కుంగి పాదం కాస్త సాగుతుంది, చదును పాదాలవాళ్లకి ఇంకా ఎక్కువ. సాయంత్రం కొలిస్తే మరీ మంచిది, అప్పటికి కాళ్లు కొంచెం ఉబ్బి ఉంటాయి.

ఆ తర్వాత నా రెండో జతే తొడిగించి, లేసులు కట్టకుండా, మడమని రెండుసార్లు వెనక్కి తన్నించి, పైనుంచి మూడో లేసు రంధ్రం దగ్గర బూటు రెండు అంచుల మీదా ఆనేట్టు ఒక పెన్సిల్ అడ్డంగా పెట్టాడు. అది అంచుల మీద ఆనలేదు. నా మీగాలు మీద ఎక్కి కూర్చుంది, వేలితో తాకితే ఉయ్యాల బల్లలా ఇటూ అటూ ఊగింది. తమ్ముడి కాలి మీద పెడితే రెండు అంచులకీ ఆని కదలకుండా ఉంది, కింద మీగాలుకీ పెన్సిల్‌కీ మధ్య సందు కూడా ఉంది. అన్ని నెలలు నేను పడిన బాధంతా ఆ పెన్సిల్ ఒక్క నిమిషంలో చూపించేసింది. నాది అరికాలి వంపు ఎక్కువ, దాంతో మీగాలు ఎత్తు. పొడవు సరిపోయినా ఆ ఎత్తుకి బూటులో లోతు లేదు. పైగా నేను కింద ఇన్‌సోల్ పెట్టి, పైన జెల్ ప్యాడ్ పెట్టి, ఉన్న కాస్త చోటునీ రెండు వైపుల నుంచీ తినేశాను. తమ్ముడిది పల్చటి చదును కాలు కాబట్టి ఇన్‌సోల్ వాడికి వంపు కింద ఆసరానీ ఇచ్చింది, ఖాళీనీ నింపింది.

కాగితం మీద గీసి చూస్తే ఇంకో సంగతి. వాడి పాదం తెడ్డులా మొదలు నుంచి చివరిదాకా ఒకే తీరు. నాది తాటాకు విసనకర్ర, వేళ్ల దగ్గర వెడల్పు, మడమ దగ్గరికొచ్చేసరికి సన్నం. ఇలాంటి కాలికి కేవలం వెడల్పు చూసి తీసుకుంటే ముందు బాగుంటుంది, వెనక మడమ ఊడి వస్తుంది. ఒకప్పుడు డి అంటే మామూలు, డబుల్ ఈ అంటే వెడల్పు అని అక్షరాలే ఉండేవి. తర్వాత స్కేట్లు తయారుచేసే బావర్ వాళ్లు ఫిట్ 1, 2, 3 అని, సీసీఎం వాళ్లు టేపర్డ్, రెగ్యులర్, వైడ్ అని పెట్టారు, ఇవి మొత్తం బూటు లోపలి చోటు ఎంతో చెబుతాయి, మొదటిది ఇరుకు, మూడోది విశాలం. ఇది నాకు మంచి మార్పనే అనిపించింది, కానీ ఆ అంకె చూసి కళ్లు మూసుకుని తెప్పించుకుంటే మాత్రం మళ్లీ మొదటికే వస్తాం. తమ్ముడు మొదటి రకం, నేను మూడో రకానికి దగ్గర. నంబరు మాత్రం ఇద్దరికీ 7.5 అని తేలింది!

కొత్త జత తొడుక్కున్నాక నిటారుగా నిలబడితే వేళ్లు బూటు ముందుండే గట్టి తొడుగుకి ఈకలా తగలాలి, మోకాళ్లు వంచి ఆట భంగిమలోకి వెళ్తే మడమ వెనక్కి కూర్చుని వేళ్లు వదలాలి. నాకు అలాగే జరిగింది. వంగినా వేళ్లు ముడుచుకునే ఉంటే చిన్నది, నిలబడినా తగలకపోతే పెద్దది. లేసులు కట్టాక రెండు అంచులూ దాదాపు సమాంతరంగా ఉండాలి, పైన విచ్చుకుని కింద కలిసిపోతే లోతులో ఏదో తేడా ఉన్నట్టే. సాక్సు ఒక్కటే, పల్చటిది. నా రెండు జతల ఊలు సాక్సుల గురించి చెబితే పెద్దాయన తలపట్టుకున్నాడు. పక్కన ఎవరో పిల్లవాడికి రెండేళ్లు వస్తాయని రెండు నంబర్లు పెద్దవి అడుగుతుంటే, వేళ్లు ముందుకి ఆనించాక మడమ వెనక ఒక్క వేలు దూరితే చాలు, అంతకు మించి ఇవ్వనని ఖచ్చితంగా చెప్పేశాడు.

ఆ తర్వాత బూటుని వేడి చేసి కాలి ఆకారానికి తెచ్చే ఓవెన్. దాని గురించి నాకు ఏదో మంత్రం అన్న భ్రమ ఉండేది, వేడి చేస్తే ఏ బూటైనా ఏ కాలికైనా సరిపోతుందని. అలా ఏం కాదు, దాదాపు సరిపోయినదాన్ని దగ్గరికి తెస్తుందంతే. దాదాపు 80 డిగ్రీల దగ్గర కొద్ది నిమిషాలు, ఎంతసేపన్నది మోడల్‌ని బట్టి. బయటికి తీశాక బూటు మెత్తగా, లోపల వెచ్చగా ఉంది, కాలు పెడితే నలుదిక్కులా పట్టుకున్నట్టు. లేసుల్ని పైకి లాగొద్దు, బయటికి పక్కలకి లాగు అన్నాడు, వేడి మీద పైకి లాగితే రంధ్రాల రింగులు ఊడొచ్చే ప్రమాదం ఉందట. పదిహేను నిమిషాలు కుర్చీలో కదలకుండా కూర్చోవాలి, లేచి నడవకూడదు, ఆ తర్వాత ఒక రోజంతా ఐస్ మీదకి వెళ్లకూడదు. తమ్ముడు కుదురుగా కూర్చోలేక మధ్యలో లేవబోయి చీవాట్లు తిన్నాడు.

వేడి చేశాక కూడా నా ఎడమ చిటికెన వేలి కీలు దగ్గర ఎముక ఒత్తుకుంటూనే ఉంది, నడిచే బూట్లలో కూడా అక్కడ నాకు ఆనెకాయ వస్తుంటుంది. దానికి ఆయన చేసిన పని భలే నచ్చింది. ఆ ఎముక మీద లిప్‌స్టిక్‌తో ఒక చుక్క పెట్టి, సాక్సు లేకుండా కాలు జాగ్రత్తగా లోపలికి పెట్టించి తీయించాడు. బూటు లోపల సరిగ్గా ఎక్కడ తగులుతుందో అక్కడ ఎర్రటి మచ్చ పడింది. ఆ మచ్చని గుర్తుగా పెట్టుకుని, ఒక వైపు గుండు, ఇంకో వైపు రింగు ఉన్న బిగింపు పరికరంతో ఆ ఒక్క చోటే బయటికి ఉబ్బించాడు. నాణెమంత ఉబ్బు, బయటి నుంచి పట్టి చూస్తే గానీ తెలియదు. 

ఇంత చేసుకుని మొదటిరోజు ఐస్ మీదకి వెళ్తే సబ్బు మీద నిలబడ్డట్టు జారిపోయాను, కొత్త బ్లేడుకి సాన పట్టించడం మర్చిపోయాం ఇద్దరం. బ్లేడు అడుగున పొడవునా తీసే గాడిని హాలో అంటారు, అర అంగుళం వ్యాసార్ధంతో అది పట్టించాక కాలు నిలిచింది.

ఎడమ చిటికెన వేలు ఇప్పటికీ గంట దాటితే కాస్త మొద్దుబారుతుంది, ఇంకోసారి అక్కడ ఉబ్బించాలి. మీగాలు మీద గీతలు మాత్రం పోయాయి. మొన్న ఆట ముందు తమ్ముడు మాటల్లో పడి నా స్కేట్లు తొడుక్కుని వెళ్లిపోయాడు, నేను వాడివి చేతిలో పట్టుకుని లేసు ఇంకా విప్పనే లేదు. గేటు దాటి రెండు స్ట్రైడ్లు వేశాడో లేదో గోడ పట్టుకుని ఆగిపోయి, "అన్నయ్యా, ఇవి నీవి కదా, లోపల కాలు ఈదుతోంది" అని అక్కడి నుంచే అరిచాడు.