ఆస్పత్రి భాష

"తెలుగంటే ఆస్పత్రి భాష. నాకొద్దు" అంది మా అమ్మాయి. వైజాగ్ చెకప్‌కి బట్టలు సర్దుతున్నాం. తొమ్మిదేళ్ల పిల్ల నోట ఆ మాట విని వాళ్లమ్మ నవ్వేసింది. నాకు మాత్రం ఎక్కడో గుచ్చుకుంది.

మేముండే ఒడిశా రాయగడలో దాని చదువు, ఆట, తగవు అన్నీ ఒడియాలోనే. ఇంట్లో తెలుగే మాట్లాడాలని పట్టుబట్టేది నేను. కొట్లో లెక్క తప్పితే తిట్టుకునేది మాత్రం ఒడియాలో. పిల్లతో నా తెలుగంతా వింటే "పరిగెత్తకు, మందేసుకున్నావా, ఏదీ గోళ్లు చూపించు" ఇంతే. మరి ఆస్పత్రి అనుకోక ఏమనుకుంటుంది?

పుట్టిన రెండో రోజు మామ్మే కనిపెట్టింది, "గుంట పెదాలు నీలంగా ఉన్నాయేటి?" అని. ఆక్సిజన్ పెట్టినా రంగు తిరగలేదు. వైజాగ్ తీసుకెళ్తే, గుండె నుంచి ఊపిరితిత్తులకు పోయే దారే మూసుకుపోయి పుట్టిందన్నారు. కడుపులో ఉన్నప్పుడు పిల్లలందరికీ ఉండే డక్టస్ అనే చిన్న నాళమే అప్పటికి దాని ప్రాణం. అదేమో పుట్టిన కొద్దిరోజులకే మూసుకుపోతుంది. తెరిచి ఉంచడానికి ప్రోస్టాగ్లాండిన్ డ్రిప్ ఎక్కించారు. ఆ మందుకి పసివాళ్లు ఊపిరి తీయడం ఆపేయొచ్చట, అందుకని మానిటర్ దగ్గర ఎప్పుడూ ఒకరు. తర్వాత రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి డక్టస్‌లో స్టెంట్ వేశారు. పెద్దవాళ్ల గుండెకి వేసే రకమే, 4 మిల్లీమీటర్ల లోపు వెడల్పు. ఛాతీ కోయలేదు. 1944లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో మొదలైన షంట్ ఆపరేషనే, అంటే ఛాతీ కోసి ఊపిరితిత్తులకు రక్తం పోయే పక్కదారి కలపడమే, చాలాకాలం ఇలాంటి పిల్లలకు దిక్కు. డక్టస్‌లో స్టెంట్ వేయొచ్చని ఇంగ్లాండు డాక్టర్లు రాసింది 1992లో. నేను బళ్లో గుణింతాలు దిద్దుతున్న రోజులు.

పిల్ల పెరుగుతుంది, స్టెంట్ పెరగదు. పెద్ద ఆపరేషన్‌కి తట్టుకునే ఒళ్లు వచ్చేదాకా ఆగడానికే అది. ఆ ఆపరేషనూ అయింది. అందులో పెట్టిన గొట్టమూ పెరగదు, ఎప్పటికైనా మార్చాలి. అందుకే ఏటేటా ఎకో, గుండె స్కాన్.

తెలిసినవాళ్లింట్లో కాన్పయితే చెబుతుంటాను. 24 గంటలు దాటాక బిడ్డ కుడిచేతికీ, ఒక కాలికీ పల్స్ ఆక్సీమీటర్ పెట్టించండి, ఆక్సిజన్ 90 శాతం లోపు వస్తే క్షణం ఆగకండి అని. గుండెజబ్బు పిల్లల్నీ అందరిలాగే పెంచండని కూడా చెబుతాను. అలా చెప్పే పెద్దమనిషి స్కూలు ఆటలపోటీ రోజున గేటు పక్కన నిలబడి కూతురి పెదాల రంగు చూస్తుంటాడు, డాక్టరు ఆడుకోనివ్వమన్నాక కూడా. అది నన్ను చూసి "బాపా, ము ఠిక్ అఛి" అని అరుస్తుంది, నేను బాగానే ఉన్నానని. నాన్నా అని పిలవమని అక్కడా సరిదిద్దబోతాను.

రేపు పెద్దదయ్యాక తన గుండె కథ తనే డాక్టర్లకు చెప్పుకోవాలి. ఫైలంతా ఇంగ్లీషు. నేను నోట్‌బుక్కులో తెలుగులో రాయడం మొదలుపెట్టాను, దానికి చదవడం రాదు. ఒడియాలో రాయమంటుంది వాళ్లమ్మ. నా ఒడియా మాటల వరకే, రాత వంకర. అమ్మాయినే పక్కన కూర్చోబెట్టుకుని చెప్పి రాయించనా అంటే, తొమ్మిదేళ్లకి ఇదంతా చెప్పొచ్చా అని ఆవిడ, చెప్పకపోతే ఎలా అని నేను. ఇంకా తేలలేదు.