నైట్ డ్యూటీ చేసిన ఆ అమ్మాయి

2021 జూలైలో తెలంగాణ ప్రభుత్వ ఆసుపత్రుల్లో 1,600 మందికి పైగా ఔట్‌సోర్సింగ్ నర్సులను తీసేశారు. కొవిడ్ సెకండ్ వేవ్ అప్పుడప్పుడే తగ్గుతోంది. ఆ ఏడాది మేలో దేశంలో నిరుద్యోగం దాదాపు 12 శాతమని సీఎంఐఈ అనే ప్రైవేటు గణాంక సంస్థ లెక్క. ఇక వేరే ఉద్యోగం ఎక్కడ వెతుక్కుంటారు?

నేను పర్మనెంట్ నర్సుని. తీసేసిన వాళ్లలో నాతో నైట్ డ్యూటీ చేసిన ఒక అమ్మాయి ఉండేది, ఖమ్మం వైపు పిల్ల. పీపీఈ కిట్ విప్పేసరికి మాస్క్ ఒరుసుకుని ముక్కు మీద తోలు లేచిపోయేది. ఊపిరాడక గాభరాపడే ముసలాయనను బోర్లా పడుకోబెట్టి, ఆక్సిజన్ అంకె 90 దాటేదాకా వీపు నిమురుతూ "ఏం కాదు తాతా, నేనున్నా" అనేది. ఇద్దరిదీ ఒకే పని. నాకు నెల తిరగ్గానే జీతం, తనకు పనిలో పెట్టిన ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ ఎప్పుడు వేస్తే అప్పుడు. "ఈ నెల పడిందా?" అని అడగడానికి నాకే మొహం చెల్లేది కాదు.

తాత్కాలిక ఉద్యోగులకూ సమాన పనికి సమాన వేతనం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2016లో చెప్పింది. ఉద్యోగ భద్రత మాత్రం వేరే సంగతి. అదే కోర్టు 2006లో ఇచ్చిన ఉమాదేవి తీర్పు ప్రకారం, కాంట్రాక్టులో ఏళ్ల తరబడి చేసినంత మాత్రాన పర్మనెంట్ చెయ్యమని హక్కుగా అడగలేరు.

తను వెళ్లాక ఆ పడకలన్నీ మాకే పంచారు. రోగులు తగ్గారా అంటే, లేదు.

2022 డిసెంబరులో 5,204 స్టాఫ్ నర్సు పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చి, ఔట్‌సోర్సింగ్ సర్వీసుకు వెయిటేజీ మార్కులు కలిపారు. సంతోషించాను. కానీ అప్పటికే ఇంటద్దె కట్టలేక ఆ పిల్ల పెట్టె సర్దుకుని ఊరెళ్లిపోయింది. ఇలాంటి వాళ్లకు ఏజెన్సీల దగ్గర ఆగిన జీతాలు ముందు ఇప్పించండి.